చెడిపోవడానికి టైమేదీ?

మైలవరం కుర్రాడు చెడిపోవడం అంత తేలికేం కాదు. పదో తరగతి గట్టెక్కగానే వాణ్ణి ట్రంకుపెట్టె, బకెట్టు, ఆవకాయ సీసాతో సహా తీసుకెళ్లి బెజవాడ శివార్లలో ఏ గూడవల్లిలోనో, నిడమానూరులోనో, పోరంకిలోనో ఉన్న ఇంటరు హాస్టల్లో దించేసి వస్తారు. అక్కడ తెల్లారకముందే లేపుతారు. స్టడీ అవరు, టిఫిను, క్లాసు, మళ్ళీ క్లాసు, భోజనం, క్లాసు, స్టడీ అవరు. వారం చివర టెస్టు, టెస్టు కాగానే గోడమీద ర్యాంకులు. ఫోను వార్డెను బీరువాలో. ఇంటికి మాట్లాడాలంటే ఆదివారం క్యూ. ఇంత బందోబస్తులో సిగరెట్టు నేర్చుకోవాలన్నా, ప్రేమలో పడాలన్నా వీలయ్యే పని కాదు. సాతాను స్వయంగా వచ్చినా గేటు దగ్గర వాచ్‌మన్ ఔట్‌పాసు అడుగుతాడు.

అయినా మన సువార్త షార్ట్‌ఫిల్ముల్లో కుర్రాడు మాత్రం ఏ ఆటంకమూ లేకుండా చెడిపోతూనే ఉన్నాడు. యూట్యూబులో పెట్టేవి, వేసవిలో వీబీఎస్ అనే సెలవుల బైబిలు బడుల దగ్గరా యవ్వన కూడికల్లోనూ తెల్ల దుప్పటి కట్టి చూపించేవి అరడజను చూసినవాడు ఏడోదానికి కళ్ళు మూసుకుని మాటలు రాసేయొచ్చు. మొదట డ్రోన్ షాటు. కథ ఏ పల్లెలో జరిగినా సరే, ప్రకాశం బ్యారేజీ మీద ఓ చక్కరు కొట్టి తీరాల్సిందే. డ్రోను అద్దెకు తెచ్చాక ఊరుకుంటామా? తర్వాత ప్రార్థన చేసుకునే అమ్మ, దగ్గే నాన్న, బాగా చదివే అబ్బాయి. అబ్బాయి పేరు ఏ సమూయేలో, దానియేలో. వాడికి నల్లచొక్కా స్నేహితుడొకడు తగులుకుంటాడు. ఈ నల్లచొక్కాకి అమ్మానాన్నలుండరు, ఇల్లుండదు, ఇంటిపేరుండదు. బైకు మాత్రం ఉంటుంది. ఒక బర్త్‌డే కేకు, ఒక బీరుసీసా, ఫోనులో మనకు కనపడనిదేదో చూసి ఇద్దరూ కళ్ళింతలు చేసుకోవడం. ఆ తర్వాత సప్లీ, నాన్న చెంపదెబ్బ, అమ్మాయి ఛీ కొట్టడం, మూసిన గది, కాగితం మీద కలం.

ఆ కాగితం దగ్గర కాసేపు ఆగుదాం. బతుకు మీద ఆశ పోయిన పదిహేడేళ్ళవాడు అంత గుండ్రటి అక్షరాలతో, మార్జిను వదిలి, ఒక్క కొట్టివేత లేకుండా ఎలా రాశాడో దర్శకుడే చెప్పాలి. తర్వాత కెమెరా ఏం చూపిస్తుందో నేను చెప్పను. వాళ్ళు మాత్రం చూపిస్తారు. దగ్గరగా, తాపీగా, వెనక వయొలిన్ పెట్టి మరీ. సరిగ్గా ఆ క్షణాన మందిరంలో మోకాళ్ళ మీదున్న పాస్టరు అయ్యగారికి ప్రేరేపణ కలుగుతుంది. పిల్లాడి గుండె పగిలిన సంగతి పక్కగదిలో అమ్మకు తెలియదు, పక్కబెంచీ వాడికి తెలియదు, క్లాసు టీచరుకి తెలియదు. ఊరవతల ఉన్న అయ్యగారికి తెలిసిపోతుంది! జిప్పు బైబిలు చంకన పెట్టుకుని, బండి స్టాండు కూడా వేయకుండా పరుగున వచ్చి తలుపు తడతారు. నాలుగు నిమిషాల వాక్యం, అందరి కన్నీళ్ళు. కట్ చేస్తే కుర్రాడు తెల్లచొక్కాలో, చేతిలో గిటారుతో. సప్లీ పాసయ్యాడో లేదో మనకు చెప్పరు. నాన్న దగ్గు తగ్గిందో లేదో చెప్పరు. నల్లచొక్కా ఏమైపోయాడో అసలే చెప్పరు. వాడి తలుపు తట్టడానికి ఏ అయ్యగారికీ ప్రేరేపణ కలగలేదు. పాపం, తట్టడానికి వాడికి తలుపు కూడా రాయలేదు రచయిత!

నటన మా మైలవరానికి కొత్తేం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మైలవరం రాజావారి పోషణలో బాలభారతి నాటక సమాజం వెలిగింది; యడవల్లి సూర్యనారాయణ వంటి నటులు అందులో వేషం కట్టారు. మన రంగస్థలం మీద దుర్యోధనుడికి కూడా పద్యాలున్నాయి, రాగాలున్నాయి, వన్స్‌మోర్లున్నాయి. వాడి కడుపుమంటకూ ఓ కారణం ఉందని ఉమ్మడి కృష్ణా జిల్లా ప్రేక్షకుడికి తెలుసు. క్రైస్తవ చిత్రాల్లోనూ ఆ మర్యాద ఉండేది. 1980లో బాపు ‘రాజాధిరాజు’ తీస్తే సాతాను వేషం నూతన్‌ప్రసాద్ వేశాడు. ఆ సాతాను మాట్లాడతాడు, నవ్విస్తాడు, మనవాళ్ళలో వాడికి చుట్టాలెవరో గుర్తొచ్చేలా చేస్తాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1978లో, భీమ్‌సింగ్ దర్శకత్వంలో విజయచందర్ యేసుగా ‘కరుణామయుడు’ వచ్చింది. తెర, ప్రొజెక్టరు, జనరేటరు మోసుకుని దాన్ని పల్లెపల్లెకూ తిప్పారు. నేల మీద కూర్చుని చూసినవాళ్ళకు ఎవరు మంచివాళ్ళో చొక్కా రంగుని బట్టి పోల్చుకోవలసిన అవసరం పడలేదు. ఆ వారసత్వం ఉన్నవాళ్ళం, డ్రోను దగ్గరికి వచ్చి ఆగిపోయాం.

సినిమా అయిపోయాక హాల్లో జరిగే రెండో సినిమా ఇంకా బాగుంటుంది. లైట్లు వేయరు. కీబోర్డు మెల్లగా మోగుతుంటుంది. ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించినవాళ్ళు చెయ్యెత్తండి’ అంటారు మైకులో. అనిపించిన పిల్లవాడు ఎత్తుతాడా? పక్కనే మేనత్త కొడుకు, వెనకాల ట్యూషన్ మాస్టారు, తలుపు దగ్గర సాక్షాత్తూ కన్నతండ్రి. ఎత్తినవాళ్ళు ఎత్తుతారు. ఆ చేతుల్ని లెక్కపెట్టుకుంటారు. లెక్క నివేదికలోకి ఎక్కుతుంది. ఎత్తిన చెయ్యి ఎవరిదో, మర్నాడు వాడు అన్నం తిన్నాడో లేదో రాయడానికి ఆ నివేదికలో గడి ఉండదు.

ఇలాంటి కథలకు అమెరికాలో పెద్ద బజారే ఉంది. 2009లో అక్కడ ‘టు సేవ్ ఎ లైఫ్’ అని ఒకటి తీశారు. రాసింది జిమ్ బ్రిట్స్ అనే యూత్ పాస్టరు. పార్టీలు, బాస్కెట్‌బాలు, అయ్యగారి ఉపదేశం దాంట్లోనూ దండిగానే ఉన్నాయి. అయితే ఆ కథ చనిపోయినవాణ్ణి నిలదీయదు, బతికున్నవాణ్ణి నిలదీస్తుంది. చిన్నప్పటి నేస్తాన్ని బడిలో పేరొచ్చాక పక్కన పెట్టేసిన కుర్రాడు, ఆ నేస్తం పోయాక, తను పట్టించుకుని ఉంటే ఎలా ఉండేదని కుమిలిపోతాడు. గుడికి వచ్చే పిల్లల వేషాలను కూడా దాచలేదు. మనవాళ్ళు ఆ బజారు నుంచి కేకు తెచ్చుకున్నారు, సీసా తెచ్చుకున్నారు, గిటారు తెచ్చుకున్నారు. ఆ ఒక్క ప్రశ్నని మాత్రం కస్టమ్స్‌లో వదిలేసి వచ్చారు.

తోటివాళ్ళ ఒత్తిడి అంటారా? ఉంది. మైలవరంలో దండిగా ఉంది. కాకపోతే అది పిల్లలది కాదు, పెద్దలది. ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం గేటు దగ్గర, చెప్పులు వెతుక్కుంటూ మాట్లాడుకునే ఇద్దరు తండ్రుల్ని వినండి.

‘వందనాలు బ్రదర్. మనవాడికి ఎంతొచ్చింది ఫస్టియర్లో?’

‘దేవుని కృప బ్రదర్. నాలుగొందల డెబ్భైకి నాలుగొందల ముప్ఫై.’

‘ఓహో. మావాడికి నాలుగొందల అరవై రెండు. అంతా ప్రభువు కృపే.’

కృపలో ముప్ఫైరెండు మార్కుల తేడా! ఆ తేడా మోసుకుని నాలుగొందల ముప్ఫైవాడి తండ్రి ఇంటికి పోతాడు. ఆ రాత్రికి ఆ ముప్ఫైరెండూ పిల్లాడి పళ్ళెంలో పడతాయి. వచ్చే ఆదివారం సాక్ష్యాల సమయంలో మైకు ర్యాంకొచ్చినవాడిది. ఫిజిక్సు పోయినవాడు ఏదో ఒక పని కల్పించుకుని, అందరికంటే వెనక వరసలో చాపలు సర్దుతుంటాడు. ఫిజిక్సు పోయినా దేవుడు నన్ను వదల్లేదు అని సాక్ష్యం చెప్పిన పిల్లవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. చెప్పనిచ్చిన సంఘాన్నీ చూడలేదు.

బుడమేరు వాగు మా ఎగువ కొండల్లో పుట్టి దిగువనున్న బెజవాడను ముంచుతుంది. 2024 సెప్టెంబరులో లోకమంతా చూసింది. చదువుల వరద మాత్రం ఎదురెక్కి వస్తుంది. బెజవాడ హోర్డింగుల మీద పుట్టి మైలవరం, రెడ్డిగూడెం ఇళ్ళలోకి దూరుతుంది. మామిడితోట మీద అప్పు తెచ్చి ఫీజు కడతారు. ఆ అప్పు సంగతి పిల్లాడికి సెలవుల్లో రోజుకోసారి, ఫోను దొరికిన ఆదివారం రెండుసార్లు గుర్తుచేస్తారు. ఏ సువార్త చిత్రంలోనైనా ఫీజు రసీదు క్లోజప్ చూశారా? ర్యాంకుల జాబితా అతికించిన గోడ చూశారా? ఏ నల్లచొక్కా కంటే ఆ గోడే భయంకరమైన స్నేహితుడు కాదా?

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఫలితాల పని ఒక ప్రైవేటు సాఫ్ట్‌వేర్ సంస్థ చేతిలో పెట్టారు. తెలుగులో 99 రావలసిన అమ్మాయికి సున్నా వేశారు. లక్షల మంది తప్పారు. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత ముగ్గురు సభ్యుల కమిటీ వేస్తే తప్పులు జరిగాయని తేలింది. మరి అక్కడ చెడు స్నేహం చేసిందెవరు? పిల్లలా, బోర్డా? 2023 ఏప్రిల్ 26న మన ఆంధ్రలో ఫలితాలు వచ్చాక రెండు రోజుల్లో తొమ్మిదిమంది పిల్లలు పోయారని పత్రికలు రాశాయి. దేశం మొత్తమ్మీద 2022లో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మందని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క. ఇంతమందికీ ఒక్కడే నల్లచొక్కా తగిలాడంటే వాడి బైకు మైలేజీ మెచ్చుకోవాలి.

కమిటీల సంగతి చెప్పుకుంటే మనకు కొదవలేదు. పిల్లల చావుల మీద 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ. రెంటి నివేదికలూ భద్రంగా ఉండే ఉంటాయి. మన దగ్గర పిల్లలకంటే కాగితాలకే భద్రత ఎక్కువ. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023 జూలైలో చనిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకుమించి పిల్లలున్న సంస్థ కనీసం ఒక అర్హతగల కౌన్సిలర్ని పెట్టుకోవాలి. మార్కుల్ని బట్టి బ్యాచులు విడగొట్టకూడదు. నలుగురిలో పరువు తీయకూడదు. ఈ మూడు ముక్కలు ఏ సంస్థ గోడమీదైనా కనిపిస్తే ఫొటో తీసి దాచుకోండి, పిల్లలకు వింతగా చూపించొచ్చు.

అయ్యగార్లకు నేనేదో లోకసంబంధమైన గణాంకాలు చెబుతున్నానని అనిపించొచ్చు. సరే, వాళ్ళ చంకలోని పుస్తకమే తెరుద్దాం. అందులో చావు కోరుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఏలీయా ప్రవక్త అంతటివాడు యెజెబెలు రాణికి భయపడి అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నన్ను తీసుకుపో అన్నాడు. దేవుడు పంపిన దూత వాక్యం చెప్పలేదు. ఇంత పెద్ద సేవకుడివి, సిగ్గులేదా అని అడగలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాడు నీళ్ళు తలదగ్గర పెట్టాడు. తిని మళ్ళీ నిద్రపోతే పోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్ళీ తిండే పెట్టాడు. ఫిలిప్పీ జైలరు తన మీదే కత్తి దూసుకున్నప్పుడు ఖైదీ పౌలు చేసిన మొదటి పని, ఏమీ చేసుకోవద్దని, తామంతా అక్కడే ఉన్నామని చీకట్లోంచి గట్టిగా కేకెయ్యడం. రక్షణ గురించిన మాటలు ఆ తర్వాత వచ్చాయి, అవీ జైలరు అడిగితేనే. మన షార్ట్‌ఫిల్ములో దూతా లేడు, కేకా లేదు. రొట్టెకు బడ్జెట్ లేదు.

ఇక పేతురు, యూదా. ఇద్దరూ గురువుని నట్టేట ముంచినవాళ్ళే. తోటివాళ్ళ ఒత్తిడికి పేతురు కథను మించింది ఉందా? ప్రధాన యాజకుడి ముంగిట చలిమంట కాచుకుంటూ, ఓ పనిపిల్ల అడిగినదానికి జడిసి, ఆయనెవరో నాకు తెలియదనేశాడు. వాడికి తర్వాత ఏం దొరికింది? సముద్రపు ఒడ్డున నిప్పుల మీద కాల్చిన చేప, రొట్టె, వచ్చి తినమన్న గురువు. యూదాకి ఏం దొరికింది? మన షార్ట్‌ఫిల్ముల్లో తెరమీదికి ఎక్కని సీను అదీ. వాడు పశ్చాత్తాపపడి, ముప్ఫై వెండి నాణేలు పట్టుకుని, తప్పు చేశానని ఒప్పుకోవడానికి నేరుగా గుడికే వెళ్ళాడు. పెద్దల దగ్గరికే వెళ్ళాడు. మాకేం పట్టింది, నీ తిప్పలు నువ్వే పడమన్నారు వాళ్ళు. వాడు పోయాక మాత్రం ఆ డబ్బు ఏ పద్దులో వెయ్యాలని కూర్చుని ధర్మశాస్త్రం చర్చించారు. ఓ కుమ్మరివాడి పొలం కొన్నారు.

ఒక విద్యార్థి పోయిన మర్నాడు మేనేజ్‌మెంటు పేరుతో పేపర్లో వచ్చే నాలుగు లైన్లు చదవండి. వ్యక్తిగత కారణాలు, మాకు సంబంధం లేదు. ఆ నాలుగు లైన్లు రాసినవాడి పూర్వీకులెవరో మత్తయి సువార్త చెబుతుంది. వచ్చే ఏడు మరో క్యాంపస్‌కి పొలం కూడా కొంటారు.

ఆడపిల్ల కథ అయితే ఇంకా ఘోరం. వాడెవడో ఫొటో పెట్టి బెదిరిస్తాడు. ఆమె కుమిలిపోతుంది. క్లైమాక్సులో ఆమె మారుమనస్సు పొందుతుంది! వాడు చేసిన నేరానికి ఈమెకు మారుమనస్సేమిటి? వాడి మీద కేసు పెట్టిన అమ్మానాన్నల్ని, వాళ్ళకు తోడుగా పోలీస్‌స్టేషను మెట్లెక్కిన పాస్టరు అమ్మగారిని చూపించే సినిమా ఒక్కటి తీయండి, కానుక నేనిస్తాను.

ఇక నరకం. కొన్ని చిత్రాల్లో కుర్రాణ్ణి బతికించరు. గ్రాఫిక్స్ మంటల్లో నిలబెట్టి, ఆ వెంటనే హెచ్చరిక వేస్తారు. ఆ హాల్లో నిరుడు బిడ్డను పోగొట్టుకున్న తల్లి కూర్చుని ఉండొచ్చన్న ఆలోచన ఎడిటింగు రూములో ఎవరికీ రాలేదా? కతోలిక సంఘం 1917 నాటి శాసనంలో కావాలని ప్రాణం తీసుకున్నవాళ్ళకు సంఘ మర్యాదలతో సమాధి నిరాకరించింది. 1983లో ఆ మాట తీసేసింది. 1992 నాటి బోధ గ్రంథంలో మానసిక వేదన బాధ్యతను తగ్గిస్తుందని, వాళ్ళ రక్షణ విషయంలో నిరాశ వద్దని రాసుకుంది. మన దేశం 2017 మానసిక ఆరోగ్య చట్టంలో, ప్రయత్నించినవాణ్ణి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే భావించమంది. రోము మెత్తబడింది, ఢిల్లీ మెత్తబడింది. రెండు లైట్లు, ఒక కెమెరా ఉన్న మనవాడి తీర్పు మాత్రం ఇంకా గట్టిగానే ఉంది.

తెరమీద ఆత్మహత్యను ఎలా చూపించాలో చెప్పడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమావాళ్ళ కోసమే ఓ పుస్తకం వేసింది. ఎలా చేశారో చూపించొద్దు. ఒకే కారణానికి ముడిపెట్టొద్దు. సాయం దొరుకుతుందని చూపించండి. అలా సాయం దొరికినవాడు మోజార్ట్ 1791 నాటి సంగీత నాటకంలో ఉన్నాడు, పాపగేనో అనే పిట్టలవాడు. ప్రాణం తీసుకోబోతుంటే ముగ్గురు పిల్లలు వచ్చి, ఒరే, నీ దగ్గర గంటలున్నాయి కదా, మోగించు అని గుర్తుచేస్తారు. కష్టకాలాన్ని దాటిన కథలు చూపిస్తే మేలు జరగొచ్చని 2010లో వియన్నా పరిశోధకులు చెప్పి, ఆ మేలుకు వాడి పేరే పెట్టారు. ముగ్గురు పిల్లలండీ! తోటివాళ్ళ ఒత్తిడి అంటే అదీ. మన కథల్లో తోటిపిల్లలకు చెడగొట్టే పని తప్ప కాపాడే పని ఎందుకివ్వరు? అయ్యగారి సీను పోతుందనా?

దర్శకులారా, యూత్ పాస్టర్లారా! వచ్చే ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలొచ్చే రోజున సినిమా వేయకండి. మందిరం తలుపులు పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా తెరిచి ఉంచండి. మార్కులు అడగని ఇద్దరు పెద్దవాళ్ళను లోపల కూర్చోబెట్టండి. మైకు కట్టేసి, అన్నం వండించండి. నల్లచొక్కా వేసుకొచ్చినవాడికీ వడ్డించండి. మీ సినిమా చివర క్యూఆర్ కోడ్, బ్యాంకు ఖాతా వేసే చోట ఇంకో అయిదంకెలు కూడా పడతాయి: 14416. టెలిమానస్. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.